ఊదా టమోటాలో మన నాటు టమోటా రుచి తెప్పించడం ఎలా?

మిద్దెతోట_తిరుపతి:
అందరికీ నమస్కారం. తిరుపతిలో మా మిద్దె మీద కుండీల్లో ఊదా టమోటా పెంచుతున్నాను. రకం పేరు ఇండిగో రోజ్. బెంగళూరులో విత్తనాలు ఇచ్చిపుచ్చుకునే మిత్రుల దగ్గర దొరికింది. పిందె ఉసిరికాయంత ఉన్నప్పుడే ఎండ తగిలిన వైపు నల్లబడటం మొదలవుతుంది. ఆకు అడ్డం పడిన చోట ఆ ఆకు అంచు గీసినట్టు పచ్చగా మిగిలిపోతుంది. ముచ్చిక తీసి చూస్తే దాని కింద నక్షత్రం ఆకారంలో లేత మచ్చ ఉంటుంది. ఎండ పడనిదే రంగు రాదని దాన్ని చూస్తేనే తెలిసిపోతుంది.

అందానికి వంక పెట్టలేం. రుచి దగ్గరే పేచీ. పులుపు చాలదు, తీపి అంతంతమాత్రం. చారుకు మాత్రం నాటు టమోటాయే తెమ్మంటారు మా అత్తగారు, ఆ మాట కాదనలేను. నాకు కావలసింది ఒక్కటే: ఈ రంగూ ఆ పులుపూ ఒకే కాయలో ఉండాలి. రెండింటినీ సంకరం చేద్దామనుకుంటున్నాను. రంగు తరువాతి తరాల్లో నిలుస్తుందా? ఎన్ని మొక్కలు పెట్టాలి? ఊదా టమోటా ఆరోగ్యానికి మంచిదని అందరూ అంటున్నారు, అందులో నిజమెంతో తెలిసినవారు చెప్పాలి.

పుంగనూరు_రైతు:
అక్కా, రైతుగా నా మాట చెబుతాను. మదనపల్లె మార్కెట్లో కాయ ఎర్రగా ఉండాలి, గట్టిగా ఉండాలి, క్రేట్లలో లారీ ఎక్కి రాష్ట్రాలు దాటినా నలగకూడదు. ఊదా కాయల క్రేటు అక్కడ దించితే అది పండిందో లేదో తేలక వేలం ముందుకు కదలదు. 2023 జూలైలో కిలో 200 రూపాయలు పలికిన మార్కెట్ అది. ధర పడిపోయినప్పుడు కోత కూలీ కూడా గిట్టదని కాయలను చేలోనే వదిలేసిన ఏళ్లూ ఉన్నాయి. ఇలాంటి పంటలో కొత్త రంగును నమ్ముకుని ఎకరా వేయమంటే నేను వేయను.

అయినా మీ ఆలోచన నాకు నచ్చింది. నా చేలో ఒక సాలు ఇస్తాను. మాది మెట్ట మీది ఊరు, రాత్రిళ్లు తిరుపతి కంటే చల్లగా ఉంటాయి. ఒకటే సందేహం. తెల్లదోమ వచ్చి ఆకుముడత తగిలితే ఈ మొక్క తట్టుకుంటుందా? ఆకుముడత లేని ఏడాది మా దగ్గర ఉండదు.

విత్తనాల_మాస్టారు:
ఈ ప్రశ్న వచ్చినందుకు సంతోషం. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినవాడిని కాబట్టి కొంచెం విపులంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

ఊదా రంగునిచ్చే పదార్థం ఆంథోసయనిన్. మామూలు టమోటా మొక్కకు దాన్ని తయారు చేయడం తెలుసు. లేత నారు కాండం ఊదాగా కనిపించడానికి కారణం అదే. కాయలో మాత్రం తయారు చేయదు. చిలీ, పెరూ దేశాల్లో పెరిగే సొలానమ్ చిలెన్స్ అనే అడవి జాతి నుంచి ‘ఆఫ్ట్’ అనే జన్యువు వచ్చింది. కాయ తొక్కలో రంగు తయారీని మొదలుపెట్టేది ఇదే. గలాపగోస్ దీవుల్లోని సొలానమ్ చీస్మానియే అనే జాతి నుంచి ‘ఏటీవీ’ వచ్చింది. మామూలు టమోటాలో రంగు తయారీకి పగ్గం వేసే ప్రోటీన్ ఒకటుంది. ఏటీవీ ఉన్న మొక్కలో ఆ పగ్గం ఊడిపోతుంది. ఒక్క ఆఫ్ట్ ఉంటే కాయ భుజాల మీద ఊదా చుక్కలు పడతాయి. రెండూ కలిస్తేనే మీరు చెప్పిన నలుపు. అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో జిమ్ మైయర్స్ బృందం ఈ రెండింటినీ మామూలు సంకరంతోనే ఒక మొక్కలోకి తెచ్చి 2012లో ఇండిగో రోజ్‌ను విడుదల చేసింది. జన్యుమార్పిడి పంట కాదది. హైబ్రిడ్ కూడా కాదు కాబట్టి విత్తనం దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు.

ఇక మీ సంకరం సంగతి. ఆఫ్ట్ బహిర్గత లక్షణం, ఒక్క ప్రతి ఉన్నా కనిపిస్తుంది. ఏటీవీ అంతర్గతం, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తేనే పని చేస్తుంది. అందువల్ల ఇండిగోనూ నాటునూ కలిపితే మొదటి తరం కాయలు దాదాపు ఎర్రగానే ఉంటాయి, భుజాల మీద కాస్త ఊదా ఛాయ ఉంటే ఉంటుంది. అది చూసి మొక్కలు పీకేయకండి. ఆ కాయల విత్తనంతో రెండో తరం వేస్తే సగటున 16 మొక్కల్లో 3 నల్లటి కాయలు కాస్తాయి. ఆ మూడింటిలో ఒకటే స్థిరమైనది. మిగతా రెండింటి విత్తనం వేస్తే కొన్ని మళ్లీ ఎర్రగా వస్తాయి.

మిద్దెతోట_తిరుపతి:
మాస్టారూ, 16లో ఒకటి అంటే కుండీల్లో అయ్యే పనేనా? అన్ని మొక్కలకు మా మిద్దె మీద చోటు లేదు.

విత్తనాల_మాస్టారు:
అవుతుంది. ఏటీవీ జత కుదిరిన మొక్కలు నారు దశలోనే బయటపడతాయి. కాండం, ఆకు ఈనెలు మిగతా వాటికంటే ముదురు ఊదాగా ఉంటాయి. ట్రేలో 48 విత్తనాలు వేసి, నారును నీడలో కాక బాగా వెలుతురు పడే చోట పెంచండి. నీడలో పెరిగితే తేడా తెలియదు. వాటిలో నాలుగోవంతు, అంటే 12 దాకా ముదురు కాండంతో వస్తాయి. వాటినే కుండీల్లో నాటండి. వాటిలో నాలుగింట మూడు నల్లటి కాయలు కాస్తాయి, నాలుగింట ఒకటి స్థిరమైన మొక్క అవుతుంది. పన్నెండింటిలో ఒక్కటైనా స్థిరమైనది దొరకడానికి నూటికి 95 పాళ్లకు పైగా అవకాశం ఉంది. ఈ ఏరివేత లేకుండా అదే నమ్మకం కావాలంటే 47 మొక్కలను కాయ పండేదాకా సాకాలి.

రంగు రెండో తరంలోనే చిక్కుతుంది. రుచి అలా కాదు. అది ఎన్నో జన్యువులు కలిసి చేసే పని. అందుకే ఆరేడు తరాల పాటు ప్రతిసారీ నోటితో ఎంచుకుంటూ పోవాలి. మీ శ్రమలో ఎక్కువ భాగం రుచికే పోతుందని ముందే తెలుసుకుని దిగండి.

చంద్రగిరి_వంటిల్లు:
రుచి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా పెరట్లో ఏళ్ల తరబడి విత్తనం కట్టుకుంటూ వస్తున్న నాటు టమోటా ఉంది. కాయ చిన్నది, నొక్కుళ్లు నొక్కుళ్లుగా ఉంటుంది, పండినా తొడిమ చుట్టూ ఆకుపచ్చగానే ఉంటుంది. కోసిన రోజే వాడుకోవాలి, మర్నాటికి మెత్తబడిపోతుంది. చారులో రెండు కాయలు నలిపి వేస్తే చింతపండు అక్కర్లేదు. బజారు కాయలైతే ఎన్ని వేసినా చారుకు ఎర్రటి రంగు వస్తుందే తప్ప ఆ వాసన రాదు. దీనికి కారణమేమిటో మాస్టారు చెప్పాలి.

విత్తనాల_మాస్టారు:
అమ్మా, ఆ తొడిమ చుట్టూ ఉన్న ఆకుపచ్చే ఒక కారణం. కాయ అంతా ఒకేసారి, ఒకే రంగులో పండాలని టమోటా రకాలను రూపొందించేవారు దాదాపు 70 ఏళ్లుగా ఆకుపచ్చ భుజాలు లేని మొక్కలనే ఎంచుకుంటూ వచ్చారు. అలా ఎంచుకున్న జన్యువు పచ్చికాయలో హరితాన్ని, అంటే ఎండతో చక్కెర చేసే ఆకుపచ్చ పదార్థాన్ని, తగ్గిస్తుందని, దాంతో పండులో చక్కెరలు కూడా తగ్గుతాయని 2012లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. పచ్చికాయ కూడా తన వంతుగా కొంత చక్కెర తయారు చేసుకుంటుంది. మనం చూడముచ్చటగా ఉండాలని ఆ వంతుకే కోత పెట్టాం.

రెండో కారణం వాసన. నాలుకకు తెలిసేది తీపి, పులుపు లాంటి కొన్ని రుచులే. ‘ఇది టమోటా’ అని చెప్పేవి ముక్కుకు చేరే ఆవిరి పదార్థాలు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో హ్యారీ క్లీ బృందం 398 రకాల టమోటాల జన్యుక్రమాన్ని చదివి 2017లో ఫలితాలు ప్రచురించింది. రుచికి ముఖ్యమైన ఈ పదార్థాల్లో పదమూడు నేటి వాణిజ్య రకాల్లో బాగా తగ్గిపోయాయని తేలింది. పెద్ద కాయ, ఎక్కువ దిగుబడి, గట్టి తొక్క కోసం ఎంచుకుంటూ పోతుంటే రుచిని ఎవరూ కాపలా కాయలేదు. మరొక్క మాట, టమోటాను ఫ్రిజ్‌లో పెట్టకండి. 12 డిగ్రీల కంటే చల్లబడితే ఈ వాసనలను తయారు చేసే జన్యువులు మూగబోతాయి, బయటికి తీశాక కూడా పూర్తిగా కోలుకోవు.

మిద్దెతోట అమ్మాయికి నా సలహా ఇదే: తల్లి మొక్కగా చంద్రగిరి అమ్మ చెప్పిన కాయలాంటిదే తీసుకో. చిన్నకాయ కావడం మరీ మంచిది. ఇండిగోలో రంగంతా తొక్కలోనే ఉంటుంది, కోస్తే లోపల ఎరుపే. కాయ చిన్నదయ్యేకొద్దీ కిలోకు తొక్క ఎక్కువ, కాబట్టి ఊదా పదార్థమూ ఎక్కువే.

వ్యవసాయ_విద్యార్థి:
లోపలి కండ కూడా ఊదాగా ఉండే టమోటా ఉంది కదా సార్? దాని ఫోటోలు చూశాను. ఆ విత్తనం తెప్పిస్తే ఈ సంకరం బాధే ఉండదు కదా?

విత్తనాల_మాస్టారు:
అది వేరే మొక్క, జన్యుమార్పిడి చేసినది. ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్‌లో క్యాథీ మార్టిన్ బృందం స్నాప్‌డ్రాగన్ అనే పూలమొక్కలోని రెండు జన్యువులను టమోటాలో పెట్టింది. తొక్కతో పాటు కండ కూడా ఊదాగా మారింది. ఆ కాయలు పండాక మామూలు వాటికంటే దాదాపు రెట్టింపు కాలం నిల్వ ఉంటాయని 2013లో చూపించారు. అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది, 2024 నుంచి అక్కడ ఇంటి తోటల వారికి విత్తనం అమ్ముతున్నారు. మన దేశంలో జన్యుమార్పిడి పంటకు కేంద్రం అనుమతి తప్పనిసరి. పురుగును తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయ సాగుకే 2010 ఫిబ్రవరిలో విరామం ప్రకటించారు, అది ఇప్పటికీ తొలగలేదు. ఆ టమోటాను తెప్పించి వేయడం చట్టవిరుద్ధం, ఆ దారి వదిలేయండి.

కుప్పం_నర్సరీ:
మాస్టారి మాటకు ఒకటి కలుపుతాను. జన్యుమార్పిడి కాని విత్తనమైనా సరే, విదేశాల్లో ఉన్న బంధువులతో కవర్లో పెట్టి పోస్టు చేయించకండి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. విత్తనం మీద వైరస్ అంటుకుని వస్తే ఈ జిల్లా రైతులందరి మీదా పడుతుంది. టమోటాయే బతుకుతెరువైన ప్రాంతం మనది. ఇక్కడ దొరికే విత్తనంతోనే పని చేసుకోండి.

ఇంకొకటి. ‘ఊదా టమోటా’ అని ఆన్‌లైన్‌లో అమ్మే ప్యాకెట్లలో చెరోకీ పర్పుల్, బ్లాక్ క్రిమ్ కూడా ఉంటాయి. మంచి రుచిగల పాత రకాలే, కాని వాటిలో ఆంథోసయనిన్ లేదు. పండాక కూడా హరితం పోకుండా ఎరుపుతో కలిసి మట్టిరంగు వస్తుంది. గుర్తుపట్టడం సులువు: వాటి పచ్చికాయ పచ్చగానే ఉంటుంది. ఇండిగో పచ్చికాయే నల్లగా ఉంటుంది.

పుంగనూరు రైతు అడిగిన ఆకుముడత గురించి. ఇండిగో రోజ్‌ను చల్లటి ఒరెగాన్ కోసం తయారు చేశారు. మన ఆకుముడత దానికి కొత్త, నిలబడదు. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ వారి టమోటా రకం అర్క రక్షక్‌కు ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ముందు మాడు తెగులు మూడింటినీ తట్టుకునే శక్తి ఉంది. నాటుతో పాటు దానితో కూడా ఒక సంకరం చేసుకోండి. అది హైబ్రిడ్ కాబట్టి తరువాతి తరాల్లో ఆ శక్తి అన్ని మొక్కలకూ సమానంగా రాదు. తెగులు ఉన్న చేలో పెట్టి తట్టుకున్నవాటినే మిగుల్చుకోవాలి. మిద్దె మీద ఈ ఏరివేత కుదరదు, రైతు ఇస్తానన్న సాలు అందుకు పనికొస్తుంది.

పుంగనూరు_రైతు:
ఆ మాట నాకు నచ్చింది. మందు కొట్టకుండా ఆ సాలును వదిలేస్తాను. బతికినవాటి కాయలు అక్కకు పంపుతాను, రుచి ఆమె చూసుకోవాలి.

చంద్రగిరి_వంటిల్లు:
ఆరోగ్యం సంగతి ఎవరూ చెప్పలేదు. మా ఆయనకు చక్కెర జబ్బు. దీన్ని తింటే మేలు చేస్తుందా? వండితే ఆ ఊదా పదార్థం పోతుందా?

పోషకాహారం_చిత్తూరు:
అక్కా, నేను ఆహార నిపుణురాలిని, రోగులకు ఏం తినాలో చెప్పడం నా పని. ఇందులో తేలినదెంతో అంతే చెబుతాను.

ఊదా టమోటాకు పేరు తెచ్చింది 2008లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో వచ్చిన ఎలుకల పరిశోధన. అందులో వాడింది మాస్టారు చెప్పిన జన్యుమార్పిడి కాయ, ఇండిగో కాదు. క్యాన్సర్ తప్పక వచ్చేలా పెంచిన ఎలుకలకు ఆ టమోటా పొడి కలిపిన మేత పెడితే సగటున 182 రోజులు బతికాయి, మామూలు మేత తిన్నవి 142 రోజులు. ఆశ పెట్టుకోదగ్గ ఫలితమే. కాని ఎలుకలలో చూసినదాన్ని మనిషికి అన్వయించి ‘ఇది క్యాన్సర్‌ను ఆపుతుంది’ అనడం తప్పు. చక్కెర జబ్బుకు ఇది మందు కాదు. మందులు ఆపకుండా కూరగాయగా తినండి, టమోటాలో పిండిపదార్థం తక్కువ కాబట్టి మీ ఆయన నిశ్చింతగా తినవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం పొటాషియం వల్ల ఏ టమోటా అయినా డాక్టరును అడిగి తినాలి.

వంట సంగతి. టమోటాలోని ఎరుపు లైకోపీన్. అది నూనెలో కరుగుతుంది, నూనెతో వండితే ఒంటికి బాగా పడుతుంది. ఊదా ఆంథోసయనిన్ నీటిలో కరుగుతుంది, ఎక్కువసేపు మరిగితే తగ్గిపోతుంది. అందువల్ల ఒకే కాయకు రెండు దారులు ఉన్నాయి. కొన్నింటిని తొక్కతో సహా పచ్చిగా సన్నగా తరిగి పెరుగు పచ్చడిలో వేయండి, కొన్నింటిని నూనెలో మగ్గించి రాగి సంగటిలోకి పచ్చడి చేయండి. చారులో వేస్తే రంగు నీటిలోకి దిగుతుంది, అది తాగేదే కాబట్టి ఎక్కువసేపు మరిగించకపోతే పెద్ద నష్టం లేదు. తొక్క వలిచి పారేస్తే మాత్రం ఊదా టమోటా కొన్న ఫలితమే ఉండదు. ఇంకో మాట, ఈ జాతి పదార్థాలు మన నేరేడు పండులో, వంకాయ తొక్కలో కూడా ఉన్నాయి. టమోటా దొరకలేదని దిగులు పడక్కర్లేదు.

పీలేరు_సేంద్రియం:
మేడమ్, మీ జాగ్రత్త అర్థమైంది. అయినా మేం నేరుగా ఇళ్లకు కూరగాయలు అమ్మేవాళ్లం. పుంగనూరు అన్న చెప్పినట్టు వేలంలో ఇది పోదు. మామూలు టమోటా కంటే ఎక్కువ ధరకు అమ్మాలంటే ఆరోగ్యం మాట చెప్పక తప్పదు. ‘క్యాన్సర్ రాకుండా కాపాడే టమోటా’ అని చిన్న కాగితం అతికిస్తే తప్పేముంది? పరిశోధన ఉందని మీరే అన్నారు.

పోషకాహారం_చిత్తూరు:
తప్పు ఉంది. క్యాన్సర్‌ను నివారిస్తుందని ప్రకటించడం 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం కిందే నేరం. ఆహారం మీద తప్పుదోవ పట్టించే మాట రాయకూడదని 2006 ఆహార భద్రత చట్టమూ చెబుతోంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మీ కాగితం చూసి ఎవరైనా చికిత్స వాయిదా వేస్తే ఆ ప్రాణానికి ఎవరు పూచీ? క్యాన్సర్ ముదిరాక వచ్చే కుటుంబాలను నేను చూస్తుంటాను. దయచేసి ఆ మాట రాయకండి.

పీలేరు_సేంద్రియం:
సరే మేడమ్, రాయను. ‘తొక్కతో తినండి, పచ్చిగా తినండి’ అని మాత్రం రాస్తాను. అది అబద్ధం కాదు కదా.

పోషకాహారం_చిత్తూరు:
అది అక్షరాలా నిజం, తప్పక రాయండి. పండిన గుర్తు కూడా రాస్తే మేలు. నల్లటి కాయ పండిందో లేదో కొత్తవారికి తెలియదు. కాయ అడుగు పచ్చ నుంచి ఎరుపుకు తిరగాలి, పైన నిగనిగ తగ్గాలి, వేలితో నొక్కితే కాస్త లొంగాలి. అంతకు ముందు కోస్తే రుచి ఉండదు, జనం ఒకసారి కొని మానేస్తారు.

కుప్పం_నర్సరీ:
కాలం గురించి కూడా చెప్పేస్తాను. ఆంథోసయనిన్‌కు ఎండ కావాలి, వేడి పడదు. తిరుపతి ఎండాకాలంలో రంగు వెలిసిపోతుంది, పూత కూడా రాలుతుంది. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానకు కుండీలో వేరు కుళ్లుతుంది, ఆకులకు మచ్చ తెగులు వస్తుంది. అందుకని అక్టోబరు చివర్లో గొడుగు కింద నారు పోసి, వానలు తెరిపి ఇచ్చాక నాటుకోండి. కాయ తయారయ్యేసరికి ఫిబ్రవరి వస్తుంది. పగలు మంచి ఎండ, రాత్రి చలి. ఊదా రంగుకు అంతకు మించిన కాలం మన దగ్గర లేదు. మదనపల్లె, పుంగనూరు వైపు దాదాపు 700 మీటర్ల ఎత్తు కాబట్టి అక్కడ ఇంకొన్నాళ్లు సాగుతుంది.

మిద్దెతోట_తిరుపతి:
అందరికీ చేతులెత్తి నమస్కారం. చంద్రగిరి అక్క నాటు విత్తనం ఇస్తానని విడిగా రాశారు. మాస్టారూ, సంకరం చేసే పద్ధతి ఒక్కటి వివరంగా చెబితే ఈ చలికాలమే మొదలుపెడతాను. నాటునే తల్లిగా పెట్టాలా?

విత్తనాల_మాస్టారు:
రంగు దృష్ట్యా ఏది తల్లి అయినా ఒకటే. నాటు తల్లి అయితే నీకు ఒక లాభం ఉంది. మొదటి తరం కాయల భుజాల మీద ఊదా ఛాయ కనిపిస్తే సంకరం కుదిరిందని తెలుసుకోవచ్చు. నాటు పువ్వు తన పుప్పొడితోనే ఫలించి ఉంటే ఆ ఛాయ అసలు రాదు.

టమోటా పువ్వులో పుప్పొడినిచ్చే కేసరాలన్నీ కలిసి గొట్టంలా ఉంటాయి, పుప్పొడిని అందుకునే కీలం దాని లోపల ఉంటుంది. పువ్వు విచ్చాక ఆలస్యమైనట్టే, అప్పటికే తన పుప్పొడి తనపైనే రాలి ఉంటుంది. మర్నాడు విచ్చబోయే మొగ్గను సాయంత్రం ఎంచుకో. రేకులు లేత నిమ్మరంగులో ఉండి ఇంకా ముడుచుకునే ఉండాలి. సన్నటి పట్టకారుతో రేకులను పక్కకు తప్పించి, కేసరాల గొట్టాన్ని ఒక పక్క చీల్చి మొత్తం లాగేయాలి. మధ్యలో పచ్చటి కీలం ఒక్కటే మిగలాలి, అది వంగినా గీసుకున్నా పిందె నిలవదు. మర్నాడు ఉదయం ఎండెక్కాక బాగా విచ్చిన ఇండిగో పువ్వును గాజు పలక మీద తట్టి పుప్పొడి రాల్చు. ఆ పొడిని కీలాగ్రానికి అంటించు. ఆ తరువాతి రోజు కూడా మరోసారి అంటిస్తే గింజ ఎక్కువ పడుతుంది. పువ్వు అడుగున ఉండే పచ్చటి రక్షక పత్రాల్లో రెండింటిని కత్తిరించి పెడితే పండు కోసేదాకా అదే గుర్తు, దారం ఊడిపోయినా ఆ కోత పోదు.

పండు బాగా మాగాక గింజలను గుజ్జుతో సహా గాజు సీసాలో రెండు మూడు రోజులు పులియనివ్వు. గింజ చుట్టూ ఉన్న జిగురు విడిపోయాక కడిగి నీడలో ఆరబెట్టు. రెండో తరం కాయలు వచ్చినప్పుడు రంగు చూసి మురిసిపోయి అక్కడితో ఎంపిక ఆపకు. ముదురు కాండంతో నిలిచిన ప్రతి మొక్క కాయనూ చంద్రగిరి అమ్మకు పంపి చారు పెట్టించు. ఏ మొక్క కాయకు చింతపండు అక్కర్లేదని ఆమె చెబితే ఆ మొక్క విత్తనమే దాచు.

చంద్రగిరి_వంటిల్లు:
పంపమ్మా, ఒక్కో మొక్కవి విడివిడి సంచుల్లో కట్టి మీద అంకె వేసి పంపు. కలిపేస్తే నేను చెప్పలేను.